చేతిలో ఉంటే యెస్

తప్పు జవాబుకి "రైట్, రైట్" అన్నందుకు మార్కులు పోగొట్టుకున్న మనిషి ఆ కోర్సులో కండక్టరమ్మ ఒక్కతే. వంటమనిషి లేచి "యెస్టర్డే ఐ గో మార్కెట్" అంది. తప్పని కండక్టరమ్మకి తెలుసు. కానీ అవతల ముగ్గురు చేతులెత్తి కూర్చున్నారు, గడియారం చూస్తే అయిదు నిమిషాలే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా బస్సు కదలడానికి అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది. "రైట్, రైట్" అనేసి తర్వాతి మనిషి దగ్గరికి జరిగింది. వంటమనిషి ఆ వాక్యాన్ని నోట్సులో ముత్యాల్లా రాసుకుని కింద గీత గీసుకుంది. వెనక వరసలో కూర్చున్న కోర్సు మేడమ్ కూడా తన కాగితం మీద ఏదో రాసి గీత గీసింది.

అది ఆరో పాఠం. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పాలంటే ముందుగా తీసుకోవాల్సిన సర్టిఫికెట్ కోసం నాలుగు వారాల కోర్సు అది. ఒక్కొక్కరు ఎనిమిది పాఠాలు చెప్పాలి. వినడానికి ఊళ్ళో పనీపాటా చేసుకునే పన్నెండు మంది రోజూ నాలుగింటికి వస్తారు. వంటమనిషి, పెయింటర్, ఆస్పత్రి ఆయా, లిఫ్టు నడిపే తాత, అలాంటివాళ్ళు. వాళ్ళకి పాఠం ఉచితం, వీళ్ళకి అనుభవం ఉచితం. మధ్యలో కోర్సు మేడమ్ చేతిలో స్టాప్‌వాచీ ఒకటి.

ఆరో పాఠానికి "సరిపోలేదు" అని వచ్చింది కాబట్టి సోమవారం నాటి ఏడో పాఠానికి కండక్టరమ్మ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళ్ళింది. దరఖాస్తు ఫారం నింపడం పాఠం. ఫారాలు పంచింది, ఒక్కొక్కరి భుజం మీదుగా వంగి చూసింది, గొంతు తగ్గించుకుంది. ఒక్కసారే "లోపలికి జరగండి" అనబోయి నాలుక కరుచుకుంది. చివర్లో బోర్డు ముందు నిలబడి, కోర్సులో చెప్పినట్టే, అందరికీ అర్థమైందో లేదో తెలుసుకోవడానికి అడిగింది.

"డోంట్ యూ హావ్ ఎనీ డౌట్స్?"

"యెస్" అన్నారు పన్నెండు మందీ, ఒక్క గొంతుతో.

కండక్టరమ్మకి ప్రాణం లేచి వచ్చింది. శభాష్ అన్నట్టు తలాడించి, డస్టర్ తీసుకుని బోర్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడిచేసింది.

అరగంట తర్వాత కోర్సు మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం ఇటు తిప్పింది. ఏడో పాఠానికి కూడా "సరిపోలేదు". కారణం కింద రాసి ఉంది, విద్యార్థులు సందేహాలున్నాయని చెప్పినా టీచరు పట్టించుకోలేదని.

"లేవన్నారు కదా మేడమ్" అంది కండక్టరమ్మ.

"యెస్ అన్నారు. డోంట్ యూ హావ్ అని అడిగితే యెస్ అంటే ఉన్నాయని. మీరు బోర్డు తుడిచేశారు."

"అవును, లేవు అని వాళ్ళ ఉద్దేశం. మనకి తెలీదా?"

"మనకి తెలుసు. ఇంగ్లీషుకి తెలీదు" అంది కోర్సు మేడమ్. చెడ్డ మనిషి కాదు. కండక్టరమ్మ కంటే పదేళ్ళు చిన్నది, ఆమె మీద ఇష్టం కూడా ఉంది. అందుకే మిగతాది నెమ్మదిగా చెప్పింది. వరసగా రెండు పోయాయి. గురువారం ఎనిమిదో పాఠం. దానికి బయట నుంచి పరీక్షాధికారి వచ్చి కూర్చుంటారు. అదీ పోతే సర్టిఫికెట్ లేదు.

కండక్టరమ్మ ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కింది. అది ఆమె బస్సే, తోలుతున్నది ఆమె మొగుడే. ఆమె స్థానంలో సెలవు కండక్టరు ఎవరో విజిల్ ఊదడానికి మొహమాటపడుతున్నాడు. డ్రైవరు అద్దంలో పెళ్ళాం మొహం చూసి, ఏమీ అడక్కుండా గేరు మార్చాడు. ఆ డిపోలో ఇంత పొడుగు సెలవు మళ్ళీ దొరకాలంటే ఇంకో అయిదేళ్ళు ఆగాలని ఇద్దరికీ తెలుసు. అప్పటికి ఆమెకి యాభై రెండు.

ఇంట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. కాయ నొక్కితే గింజలు గిన్నెలో పడుతున్నాయి, ఒక్కటీ పక్కకి పోవడం లేదు. కోడలి చెప్పుల చప్పుడుతోనే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

"వాయించిందా మీ పంతులమ్మ?"

"వాయించిందత్తయ్యా."

"నేను ముందే చెప్పాను. ఈ వయసులో పలక పట్టుకుంటే అంతే" అని అత్తగారు ఇంకో కాయ నొక్కింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ కోడల్ని మెచ్చుకున్నది ఎవరూ వినలేదు. కూర బాగుంటే ఉప్పు సరిపోయిందనేది, అదే పెద్ద కితాబు.

మంగళవారం పాఠం కండక్టరమ్మది కాదు, ఆమెతో పాటు కోర్సులో ఉన్న రిటైర్డ్ స్టెనోగారిది. ఆయన పాఠం మొదలెట్టేలోపు పెయింటర్ ఆమె దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, కనుబొమ్మల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, ఆ రోజు లేత ఆకుపచ్చ. ఆయన నోరు విప్పడమే గగనం. నాలుగు మడతలు పెట్టిన కాగితం జేబులోంచి తీసి ఇచ్చి, ఏం రాశారో చూడమన్నాడు.

ఒక పెద్ద హోటలు నుంచి వచ్చిన ఉత్తరం. గోడల రంగుల పనికి ఏడాది పొడవునా ఉండే ఉద్యోగం. ఇవ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నామని రాశారు. ఎత్తయిన చోట పని చేయడానికి తనకి ఇబ్బంది ఉందని అభ్యర్థి ఇంటర్వ్యూలో స్వయంగా చెప్పారట. కండక్టరమ్మ రెండుసార్లు చదివి, పైకి చెప్పింది.

లిఫ్టు తాత పగలబడి నవ్వాడు. "వీడికి ఎత్తంటే భయమా? ఊరి నీళ్ళ ట్యాంకు మీద అంకెలు రాసింది ఎవరనుకున్నారు? నేను లిఫ్టులో పైకి పోవడానికే దేవుణ్ణి తలుచుకుంటాను, వీడు తాడు కట్టుకుని బయట నుంచి వచ్చి నాకు నమస్కారం పెడతాడు."

అందరూ నవ్వారు. పెయింటర్ నవ్వలేదు.

"నేనలా అన్లేదమ్మా" అన్నాడు.

వాళ్ళు అడిగింది అడిగినట్టు చెప్పమంది కండక్టరమ్మ. అర్థం తెలియకపోయినా పాట గుర్తున్నట్టు ఆయనకి ఆ ముక్క గుర్తుంది. శనివారం ఇంటర్వ్యూలో డోంట్ యూ హావ్ ఎనీ ప్రాబ్లమ్ విత్ హైట్స్ అని అడిగారు. ఇబ్బందేం లేదు కదా అంటున్నారని పోల్చుకుని మర్యాదగా "యెస్ సార్" అన్నాడు. వాళ్ళు మొహాలు చూసుకుని మళ్ళీ అడిగారు. తను మెల్లిగా అనడం వల్ల వినపడలేదేమోనని ఈసారి గట్టిగా అన్నాడు.

కండక్టరమ్మ చేతిసంచిలో నిన్నటి కాగితం ఉంది. దాని మీదా అదే మాట, అదే జవాబు. నిన్న సాయంత్రమంతా తనకి అన్యాయం జరిగిందని కుతకుతలాడింది. ఇప్పుడు సిగ్గేసింది. ఈయన శనివారం ఆ "యెస్" అని ఉద్యోగం పోగొట్టుకుని, సోమవారం తన ముందు కూర్చుని మళ్ళీ అదే "యెస్" అంటే, తను తలాడించి బోర్డు తుడిచింది.

స్టెనోగారి పాఠం అయ్యేదాకా ఆగి, కోర్సు మేడమ్ గదిలోకి వెళ్ళి గురువారం పాఠం మార్చుకుంటానంది. ముందు ఇచ్చిన ప్లాను అంగట్లో కొనుక్కోవడం గురించి. బొమ్మలన్నీ కత్తిరించి పెట్టుకుంది కూడా. ఇప్పుడు "డోంట్ యూ" అంటే "యెస్" అనాలా "నో" అనాలా, అదొక్కటే చెబుతానంది.

కోర్సు మేడమ్ స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టింది. ఇది మొదటి మెట్టువాళ్ళ పుస్తకంలో లేదంది. వాళ్ళ స్థాయికి మించిందని పరీక్షాధికారి ఒక్క ముక్క రాస్తే అంతా అయిపోయినట్టేనంది.

"వాళ్ళ స్థాయికి మించిందైతే హోటలువాళ్ళు ఎందుకడిగారు మేడమ్?"

కోర్సు మేడమ్ స్టాప్‌వాచీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, రేపు సాయంత్రంలోగా కొత్త ప్లాను తన బల్ల మీద ఉండాలంది. "ఇంకో మాట. క్లాసులో మన భాష ఒక్క ముక్క కూడా రాకూడదు. రూలు అది. విప్పి చెబుతానంటే కుదరదు, చూపించాలి."

బుధవారం పొద్దున డ్రైవరు డ్యూటీకి వెళ్ళిపోయాక కండక్టరమ్మ వంటింటి బల్ల నిండా కాగితాలు పరిచింది. ఒకదాని మీద ప్రశ్న, ఒకదాని మీద జవాబు, మధ్యలో ఎర్ర బాణాలు. అత్తగారు టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేక వాటిని చేత్తో పక్కకి నెట్టింది.

"ఏంటీ బాణాలు? ఎవరి మీదకి యుద్ధం?"

కండక్టరమ్మ తెలుగులో విడమరిచింది. మనం లేదా అని అడిగితే అవును లేదు అంటాం. వాళ్ళు లేదా అని అడిగినా, లేకపోతే నో అనే అంటారు. అత్తగారు సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది అమర్యాద కాదూ? ఎదుటిమనిషి లేదు కదా అంటే, నిజమే నాయనా, లేదు, అనాలి. మనం మనిషికి అవునంటాం. వాళ్ళు దేనికి అవునంటున్నట్టు?"

కండక్టరమ్మ కలం ఆగింది. కోర్సు మొత్తంలో ఇంత బాగా ఎవరూ అడగలేదు. మనం మనిషికి అవునంటాం. వాళ్ళు దేనికి? ఉన్న సంగతికి. మనిషి ఎలా అడిగినా సరే, వస్తువు ఉందా లేదా అన్నదానికి.

"నీ బస్సులో టికెట్ లేదా అని అడిగితే జనం ఏం చేస్తారు?" అంది అత్తగారు, టీ ఊదుకుంటూ.

"ఏం చేస్తారు, ఉంటే చేతిలోది చూపిస్తారు" అంది కండక్టరమ్మ. అనేసి లేచి నిలబడింది.

బాణాలన్నీ ఉండచుట్టి పడేసింది. పాత టికెట్ పుస్తకం ఒకటి తెచ్చి, ఒక టికెట్ చింపి అత్తగారి చేతిలో పెట్టింది. కుర్చీ తిప్పి బస్సు చేసింది. తన బుగ్గన విజిల్ ఉన్నట్టే నడుస్తూ వచ్చి, "హావెంట్ యూ గాట్ ఎ టికెట్?" అని అడిగి, కళ్ళతో ఆవిడ గుప్పిటనే చూసింది. చేతిలో ఉంటే యెస్. టికెట్ తీసేసుకుంది. మళ్ళీ అదే ప్రశ్న. ఖాళీ చెయ్యి. నో.

అత్తగారు మొదట ఖాళీ చేత్తో కూడా యెస్ అంది. రెండోసారీ అంది. మూడోసారి అరచెయ్యి తెరిచి చూసుకుని, "నో" అంది. నాలుగోసారికి కోడలు దొంగచూపు చూసి తికమకపెట్టబోయినా పడలేదు. బఠాణీలు ఉడికేలోపు ఆవిడకి ప్రశ్న కూడా వచ్చేసింది, వచ్చిందే తడవుగా ఖాళీ గ్లాసు కడుగుతూ సింకునే అడిగింది, "హావెంట్ యూ గాట్ ఎ టికెట్?" అని.

"ఎలా ఉందత్తయ్యా పాఠం?"

"ఉప్పు సరిపోయింది" అంది ఆవిడ.

గురువారం నాలుగింటికి పరీక్షాధికారి వచ్చింది. తెల్ల జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, కలం మూత తీస్తే టక్కున చప్పుడు. కోర్సు మేడమ్ పక్కనే కూర్చుని, మొదటి కాగితం మీద పాఠం పేరు చదివి కనుబొమలెగరేసింది. కండక్టరమ్మ అది చూసింది. చూసినా అప్పటికే కుర్చీలు రెండేసి చొప్పున, మధ్యలో దారి వదిలి వేసేసింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బస్సులో ఎక్కినట్టే ఎక్కి కూర్చున్నారు. లిఫ్టు తాత కిటికీ సీటు కావాలన్నాడు.

తర్వాతి నలభై నిమిషాలు ఆమె మాట్లాడింది బహు తక్కువ. ఆరుగురికి టికెట్ ఇచ్చింది, ఆరుగురికి ఇవ్వలేదు. కుర్చీల మధ్య నడిచింది, తుంటి ఒక పక్కకి ఆనించి, ఒక చెయ్యి లేని కడ్డీని పట్టుకుని. "హావ్ యూ గాట్ ఎ టికెట్?" దానికి అందరూ సరిగ్గానే చెప్పారు. రెండో చుట్టు, "హావెంట్ యూ గాట్ ఎ టికెట్?" ఆయా చేతిలో ఏమీ లేదు. "యెస్" అంది. కండక్టరమ్మ కోప్పడలేదు, దిద్దలేదు. సరే, ఉందన్నావు కదా, ఇవ్వు, అన్నట్టు చెయ్యి చాపి నిలబడింది. ఆయా ఆ చెయ్యి చూసింది, తన చెయ్యి చూసుకుంది. "నో" అంది, ఆశ్చర్యంగా.

మూడో చుట్టుకి బస్సంతా నవ్వులు పాకాయి. ఎవరైనా ఖాళీ చేత్తో యెస్ అంటే పక్కవాళ్ళే చెయ్యి చాపి అడుగుతున్నారు. వంటమనిషి టికెట్ వీపు వెనక దాచి నో అంటే లిఫ్టు తాత పట్టిచ్చేశాడు. టికెట్లయ్యాక గొడుగు, కళ్ళజోడు, తమ్ముడు, పంటినొప్పి అడిగింది. చేత్తో పట్టుకోలేనివి వచ్చేసరికి కొందరు తెలియకుండానే అరచెయ్యి తెరిచి చూసుకుని మరీ చెప్పారు. "రైట్, రైట్" అన్న మాట రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ జవాబు నిజంగానే రైటు, కాబట్టి అనేసింది.

చివర్లో ఆమె బల్ల వెనక్కి వెళ్ళి కూర్చుని, కాగితాలు సర్దుకుని, హోటలు మనిషైపోయింది. పెయింటర్‌ని ఎదుటి కుర్చీలోకి పిలిచింది. బస్సులోవాళ్ళంతా ముందుకి వంగారు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"డోంట్ యూ హావ్ ఎనీ ప్రాబ్లమ్ విత్ హైట్స్?"

పెయింటర్ అరచెయ్యి తెరిచాడు. గీతల్లో ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. దాన్ని చూసుకుని, తలెత్తాడు.

"నో, మేడమ్" అన్నాడు. "నో, ఐ డోంట్."

లిఫ్టు తాత ముందు కుర్చీ మీద చరిచాడు. కండక్టరమ్మ కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక బోర్డు తుడవబోయి, ఆగి, డస్టర్ కింద పెట్టేసింది.

పాఠం ముగిశాక విద్యార్థుల్ని అడగాల్సిందేమైనా ఉంటే పరీక్షాధికారి అడగొచ్చు. కోర్సు మేడమ్ ఆవిడ వైపు తిరిగి, అలవాటైన మర్యాదతో, "డోంట్ యూ హావ్ ఎనీ క్వశ్చన్స్, మేడమ్?" అంది. పరీక్షాధికారి అప్పటికే కలం మూత పెట్టేసి, సంచీ సర్దుకుంటూ, ఏమీ లేవన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"యెస్, యెస్" అంది.

గదిలో పన్నెండు మందీ ఆవిడ చేతుల వైపు చూశారు. ముందుగా చెయ్యి చాపింది పెయింటర్. ఆయన ఎంతో గౌరవంగా, కుర్చీలోంచి సగం లేచి, ఆవిడ అనాల్సిన మాట చెప్పాడు.

"నో, మేడమ్. నో, ఐ డోంట్."

కోర్సు మేడమ్ మొహంలో రక్తం లేదు. కండక్టరమ్మకి నాలుగు వారాలూ ఆ ఒక్క క్షణంలో కొట్టుకుపోయినట్టనిపించింది. పరీక్షాధికారి చాపిన చేతిని చూసింది, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత సంచీ కింద పెట్టి, కలం మూత టక్కున తీసి, నిలబడే ఏదో రాసింది. అర పేజీ రాసింది. ఏం రాసిందో ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫలితాలిచ్చారు. కండక్టరమ్మ కాగితం కోర్సు మేడమ్ చివరిదాకా దాచి పెట్టి, చివర్న ఇచ్చింది. పాసు. కింద పరీక్షాధికారి రాత కూడా ఉంది. విద్యార్థులు నేర్చుకున్నారనడానికి సాక్ష్యం కావాలంటే నన్నే అడగండి, అని. కోర్సు మేడమ్ నవ్వుతూ, వచ్చే నెల నుంచి సాయంత్రం క్లాసుకి టీచరు కావాలని, ఈ పన్నెండు మందే అడుగుతున్నారని చెప్పింది. బయట మెట్ల మీద పెయింటర్ నిలబడి ఉన్నాడు. పొద్దున హోటలుకి వెళ్ళి, అదే ప్రశ్న మళ్ళీ అడగమన్నాడట. అడిగారట. సోమవారం నుంచి రమ్మన్నారు. ఇంతకంటే ఎక్కువ ఆయన చెప్పలేదు, కానీ ఆ మెట్ల మీద ఆయన అంతసేపు నిలబడిందే అందుకు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కండక్టరమ్మ అలసిపోయి, నెల రోజుల ఇంగ్లీషు బుర్రలో గిర్రున తిరుగుతూ, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. ఆ వాలకం చూసి ఆవిడ చేతిలో కాయ ఆగింది.

"ఏమ్మా, పాసవలేదా?"

సంచీలో కాగితం ఉంది. ఉంటే యెస్.

"అవునత్తయ్యా" అంది కండక్టరమ్మ.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. అప్పుడు కానీ తను ఏ భాషలో ఏమన్నదో కండక్టరమ్మకి తట్టలేదు. సర్దుకుని చెప్పబోయింది. ఈలోపే ఆవిడ పీట జరుపుకుని దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పోనీలే" అంది. "వాళ్ళకేం తెలుసు? డెబ్భై ఏళ్ళొచ్చాయి నాకు. ఇది తప్పు, అది తప్పు అన్నవాళ్ళే గానీ, నా ఎదురుగా కూర్చుని నాకు అర్థమయ్యేదాకా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నువ్వు చెప్పావు. ఉడుకుతున్న కూర వదిలేసి చెప్పావు. నీకంటే పంతులమ్మ ఎవరే?"

కండక్టరమ్మ సంచీ విప్పబోయి ఆగింది. ఇరవై నాలుగేళ్ళకి వచ్చిన మాటలు. సగంలో ఆపడానికి ఆమెకి మనసొప్పలేదు. అత్తగారు లేచి టీ పెట్టింది, చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది. టీ అయ్యేదాకా ఫెయిలయ్యే ఉందామనుకుంది కండక్టరమ్మ.

గ్లాసు అడుగంటాక కూడా కోడలి మొహం అదోలా ఉండటం చూసి, నవ్వించడానికి ఆవిడ తనకొచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క బయటికి తీసింది. చెకింగువాళ్ళలా నడుం మీద ఒక చెయ్యి వేసి, రెండోది చాపింది.

"హావెంట్ యూ గాట్ ఎ టికెట్?"

కండక్టరమ్మ సంచీ తెరిచింది. "యెస్" అని, కాగితం తీసి ఆ చేతిలో పెట్టింది.

అత్తగారు దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది, తిప్పి చూసింది, ముద్ర మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కోడలి మొహం చూసింది.

"మరి ఇందాక అవునన్నావేమే?" అంది. "అయితే నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నా."

"కుదరదత్తయ్యా" అంది కండక్టరమ్మ. "టికెట్ కొట్టాక వాపసు లేదు."